బోడిమెడ పిల్లలు

ఆ వానాకాలం మొదట్లో మా అత్త మీద ఒక నింద పడింది. ఇంటి నుంచి హేచరీలోకి కోళ్ల రోగం మోసుకొచ్చిందన్నారు. అన్నవాడు ఓనరు. పక్కనే నిలబడి విన్నవాడు ఆవిడ కన్నకొడుకు, అంటే మా ఆయన.

మేం ముగ్గురం ఆ హేచరీలోనే పనిచేసేవాళ్లం. మా ఆయన సూపర్‌వైజరు. అత్తా నేనూ ఏరివేత బల్ల దగ్గర. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన రోజున ట్రేలు మా ముందుకొస్తాయి. ఒక్కో పిల్లనీ అరచేతిలోకి తీసుకుని కళ్లు, బొడ్డు, కాళ్లు చూడాలి. బాగున్నది కన్నాలున్న అట్టపెట్టెలోకి పోతుంది. బొడ్డు మాననిదీ, కాళ్లు చెరోపక్కకీ జారిపోయేదీ పక్కతొట్టిలోకి పోతుంది. గదంతా పసుపు నూగు ఎగురుతూ ఉండేది. సాయంత్రానికి బల్ల దగ్గరున్న ఆడవాళ్లందరికీ కనుబొమలు పచ్చబడేవి. ఇంట్లో అత్తా నేనూ ఉప్పూ నిప్పూ. బల్ల దగ్గర మాత్రం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆవిడ చేతివేగం అందుకోవాలని నాకు పంతం.

ఆ రోజు ఓనరు గదిలోకి రావడమే విసురుగా వచ్చాడు. వెనకే ఇద్దరు మనుషులు, కొన్నవాళ్లు తిప్పి పంపిన పెట్టెలు మోసుకొచ్చి మా బల్ల మీద పెట్టారు. లోపలున్నవి కాస్త ఎదిగిన పిల్లలు. కొన్నిటి మెడ మీద ఒక్క ఈక లేదు, ఎర్రటి తోలు. కొన్నిటికి కాళ్ల మీద వేళ్లదాకా ఈకలు. ఒకదాని నెత్తి మీద బొడిపె, దానిమీద కుచ్చు. ఇంకొన్నిటికి రెక్కలొచ్చినా వీపు ఇంకా బోడిగానే ఉంది.

"రైతులు వీటిని నా మొహాన కొట్టి పోయారు" అన్నాడు ఓనరు. "మెడమీద ఈకలు ఊడిపోతున్నాయంట, కాళ్లకు బూజు పడుతోందంట, బుర్రలు వాస్తున్నాయంట. ఈ రోగం నా హేచరీలోకి ఎలా వచ్చింది?"

అత్త బోడిమెడ పిల్లనొకదాన్ని పైకి తీసింది.

"ఇది రోగం కాదు బాబూ, జాతి. దీని అమ్మకీ మెడ బోడే, అమ్మమ్మకీ బోడే. చూడు ఎలా తన్నుతోందో. జబ్బుపడ్డది ఇలా తంతుందా?"

ఆ సంగతి ఆవిడ చెబితే గానీ తెలియనిదేం కాదు. ఎండాకాలంలో హేచరీ కోళ్లు వేడికి గుడ్లు మానేశాయి. ఓనరు బయట ఎక్కడో కలగలుపు మంద నుంచి గుడ్లు కొనుక్కొచ్చి పొదిగించాడు. ఆ పిల్లల్ని పాత జాతి పేరుతోనే అమ్మాడు. అది నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు, ఓనరుకి మా అందరికంటే బాగా తెలుసు. కానీ కొన్నవాళ్ల ముందు ఆ మాట ఎలా చెబుతాడు? అందుకని రోగం అన్నాడు. రోగం అన్నాక దాన్ని తెచ్చిన మనిషి ఒకరు కావాలి కదా.

"నీ ఇంట్లో కోళ్లున్నాయి కదూ?" అన్నాడు అత్తతో.

"ఉన్నాయి. ఎప్పట్నుంచో ఉన్నాయి. నీ పెళ్లినాడు గుడ్లు తక్కువైతే మా గూట్లోంచే పట్టుకెళ్లారు."

బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వారు. ఓనరు మొహం ఎర్రబడింది.

"ఇక్కడ పనిచేసేవాళ్లు ఇళ్లల్లో కోళ్లు పెంచకూడదు. అది రూలు. నువ్వు పెంచావు, రోగం తెచ్చావు. ఇంక రానక్కర్లేదు." మా ఆయన వైపు తిరిగాడు. "ఆవిడ ఏప్రాన్ తీసుకో."

మా ఆయన కాసేపు తన బూట్లకేసి చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు.

అత్త తొందరపడలేదు. ముడి విప్పి, నూగు దులిపి, ఏప్రాన్‌ని అంచుకి అంచు కలిపి మడతపెట్టి కొడుకు చేతిలో పెట్టింది.

"చూసి పట్టుకోరా, రోగం అంటుకుంటుంది" అంది.

నేను కూడా నా ఏప్రాన్ విప్పి దానిమీదే పడేశాను.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, నేనేం చెయ్యను? ఆయన ముందు నా నోరు పెగల్లేదు."

"అన్నం ముందు పెగులుతుందేమో చూద్దాం. రా, కూర్చో."

కూర్చున్నాడు. నేను వడ్డించాను, మొహం చూడలేదు.

"మెల్లిగా మాట్లాడి నిన్ను మళ్లీ తీసుకునేలా చేస్తాను" అన్నాడు కాసేపటికి. "పెరట్లో కోళ్లని తీసేస్తే చాలంటున్నాడు."

"తీసేస్తే రోగం తెచ్చింది నేనేనని ఒప్పుకున్నట్టేగా! ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. జబ్బు పిల్లని ఒక్కదాన్ని పెట్టెలో పడనివ్వలేదు. నా మీదా ఆ మాట?" అత్త గరిటె గిన్నెలో పడేసింది. "కోళ్ల జోలికొచ్చావంటే ఈ గడపకీ నీకూ చెల్లు."

ఆయన నా వైపు చూశాడు. "నువ్వైనా చెప్పు."

"రేపట్నుంచి గేటు ముందు కూర్చుంటున్నాం. మీరు లోపలికి వెళ్లేటప్పుడు మమ్మల్ని తొక్కకుండా పక్కనుంచి వెళ్లండి" అన్నాను.

మొదటిరోజు పొద్దున గేటుకి ఎదురుగా రోడ్డవతల మేమిద్దరమే ఉన్నాం. రెండు గుంజల మధ్య టార్పాలిన్ కట్టి, కింద చాప పరిచాం. మధ్యాహ్నం టీ వేళకి బల్ల దగ్గరి ఆడవాళ్లలో ఒకావిడ రోడ్డు దాటి వచ్చింది. "ఇవాళ నిన్నన్నాడు, రేపు నన్నంటాడు. మా ఇంట్లోనూ కోళ్లున్నాయి" అని పక్కన కూలబడింది. పొద్దుగుంకేసరికి చాప చాల్లేదు. మాకు కావలసింది ఒకటే. రోగం తెచ్చిందన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. అత్తని మళ్లీ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

మా ఆయన రోజూ మా ముందునుంచే లోపలికి వెళ్లేవాడు. అత్త అతనికి అన్నం క్యారేజీ కట్టిచ్చి మరీ సమ్మెకొచ్చేది. "కొడుకు కొడుకే, సమ్మె సమ్మే" అనేది. నేను మాత్రం అటు చూసేదాన్ని కాదు.

ఒకరోజు స్కూటరు మీద రెండు పెట్టెలు కట్టుకుని ఒకావిడ వచ్చింది. మేం ఆవిడకి స్కూటరమ్మ అని పేరు పెట్టుకున్నాం. కొన్న పిల్లల్ని తిప్పిచ్చేద్దామని వచ్చింది, గేటు మూసేసి ఉంది. చాలాసేపు హారన్ కొట్టి మా వైపు వచ్చింది.

"ఈ రోగిష్టి పిల్లల్ని ఎవరికివ్వాలి?"

"లోపలికిస్తే గోతిలో పూడ్చేస్తారు. మాకివ్వండి" అన్నాను.

"మీకెందుకు? చచ్చేవేగా!"

"చస్తే ఇక్కడే చస్తాయి, అందరూ చూస్తుండగా. బతికితే కూడా ఇక్కడే బతుకుతాయి."

నా నోట్లోంచి ఆ మాట అనుకోకుండానే వచ్చింది. అత్త నా వైపు ఒకసారి చూసి, లేచి వెళ్లి ఊక తేవడానికి మనిషిని పురమాయించింది.

అలా సమ్మె టెంటులో కోడిపిల్లల పెంపకం మొదలైంది. ఇనప జాలీ చుట్టి దడి కట్టాం. వెచ్చదనానికి బొగ్గుల కుంపటి పెట్టి, పిల్లలు దాని చుట్టూ చేరేదీ దూరం జరిగేదీ చూసి బొగ్గులు వేసేవాళ్లం, తీసేవాళ్లం. అది మెయిన్ రోడ్డు కావడంతో బస్సు దిగినవాళ్లూ, లారీవాళ్లూ, పిల్లల్ని కొన్న రైతులూ ఆగి చూసేవారు.

ఒక లారీ డ్రైవరు కాళ్లూ రెక్కలూ చాపుకుని ఎండలో పడున్న పిల్లల్ని చూసి "అయ్యో, అన్నీ పోయాయమ్మా!" అన్నాడు. అత్త చప్పట్లు కొట్టింది. అన్నీ ఒక్కసారి లేచి అతని మీదికే ఉరికాయి.

"నిద్రపోతున్నాయయ్యా. నువ్వు పడుకుంటే మీ ఆవిడ కూడా ఇలాగే ఏడుస్తుందా?"

"నేను గురక పెడతానుగా" అన్నాడు అతను.

బోడిమెడ వాటిని చూసి నవ్వినవాళ్లతో అత్త "మా ఆయన నెత్తి చూడలేదు మీరు, అదింకా నున్నగా ఉండేది. ఆయనకి ఏ రోగమూ లేదు, నోటి దురుసు తప్ప" అనేది. కాళ్ల మీది ఈకల్ని బూజన్నవాళ్ల చేత వేలు పెట్టి లాగించేది. ఈక లాగితే పిల్ల కీచుమంటుంది, బూజైతే రాలి చేతికొస్తుంది. వీపు బోడిగా ఉన్నవాటి చర్మం దగ్గరగా పట్టి, ముళ్లలా పొడుచుకొస్తున్న కొత్త ఈకల్ని చూపించేదాన్ని నేను. పుండు లేదు, పొక్కు లేదు. కొన్ని జాతులకి ఈకలు ఆలస్యం, అంతే. స్కూటరమ్మ మొదట్లో అప్పుడప్పుడు వచ్చేది, తర్వాత రోజూ వచ్చి నూకలు చల్లి వెళ్లేది. పిల్లలు కళ్లెదుటే పెరిగాయి. ఓనరు మేడమీంచి చూసి లోపలికి వెళ్లిపోయేవాడు.

అప్పుడు ముసురు పట్టింది. టార్పాలిన్ కడుపుబ్బినట్టు నీళ్లు నింపుకుని ఒక పక్క చిరిగింది. ఎంత మార్చినా ఊక తడిగానే ఉండేది. ఒక పొద్దున నేను దడి ఎత్తేసరికి కొన్ని పిల్లలు మూలన ముడుచుకుని ఉన్నాయి. ఒళ్లు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని తూగుతున్నాయి. చప్పట్లు కొట్టాను. లేవలేదు. ఊక మీద రెట్టలో నెత్తురుంది.

అత్తని పిలిచాను. వంగి చూసి, నిటారుగా నిలబడి, గేటు వైపు చూసింది.

"గంపలో వేసి గుడ్డ కప్పు. ఎవరూ చూడకముందే ఇంటికి పట్టుకుపో."

"ఎందుకు?"

"ఎందుకేంటే? ఇన్నాళ్లూ రోగం కాదు, రోగం కాదని గొంతు చించుకున్నాం. ఇప్పుడు నెత్తురు కనపడితే మన నోట్లో మనమే మన్ను కొట్టుకున్నట్టే."

మిగతా ఆడవాళ్లు కూడా అదే మాట అన్నారు. ఒకావిడ అప్పటికే గంప తెచ్చేసింది. నేను ఆ గంప తీసుకుని జబ్బు పిల్లల్ని అందులోకి ఎత్తాను. కానీ గుడ్డ కప్పలేదు. రోడ్డు పక్కకి, దడికి దూరంగా, అందరికీ కనపడేలా పెట్టాను.

"పిచ్చెక్కిందా నీకు?" అత్త అరిచింది.

"అత్తా, ఉన్నప్పుడు ఉందని చెబితేనే, లేనప్పుడు లేదన్న మాటకి విలువ. వీటిని దాచేస్తే ఓనరు దాచినదానికీ మనం దాచినదానికీ తేడా ఏముంది?"

"తేడా నా పరువు!"

"నీ పరువు కోసమే చెబుతున్నా. జబ్బు పిల్లని ఒక్కదాన్ని పెట్టెలో పడనివ్వలేదన్నావే, ఇప్పుడు నువ్వే వేస్తావా?"

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వెళ్లి చాప మీద కూర్చుంది. తర్వాత తన సంచిలోంచి ఎర్రగుడ్డ ముక్క తీసి, తనే వెళ్లి ఆ గంప పిడికి కట్టింది.

"కనపడాలంటే సరిగ్గా కనపడాలి" అంది నా మొహం చూడకుండా.

మధ్యాహ్నానికి ఓనరు పశువుల డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చాడు. టెంటులోని పిల్లలన్నీ రోగాలవని ఆవిడ చేత చెప్పించి తీయించేద్దామని ఆయన ఆలోచన. రైతులూ, స్కూటరమ్మా, బస్సు కోసం నిలబడ్డవాళ్లూ మూగారు. ఓనరు వెనక, గేటు దగ్గర మా ఆయన.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే నేను చెప్పాను. "ఆ ఎర్రగుడ్డ గంపలో వాటికి రోగముంది. ఈ దడిలో వాటికి లేదు."

ఆవిడ చేతికి తొడుగులు వేసుకుని గంప దగ్గర కూర్చుంది. ఒక్కోదాన్నీ తీసి పొట్ట నొక్కింది, కింద చూసింది. అన్నీ అయ్యాక వీపు బోడిగా ఉన్నదాన్ని ఒకదాన్ని పక్కన పెట్టింది.

"దీనికేమీ లేదు, ఈకలు ఆలస్యంగా వచ్చే రకం. కంగారులో దీన్నీ పడేశారు. మిగతావాటికి మాత్రం పేగుల జబ్బే."

తర్వాత దడి దగ్గరికొచ్చింది. నేను ముద్దు చేసే, నెత్తి మీద కుచ్చున్న పిల్లని పట్టుకుంది. అది తల ఓరగా వంచి నడుస్తూంటే, కుచ్చు కళ్లకడ్డొచ్చి అలా చూస్తోందని అందరికీ చెప్పేదాన్ని.

"ఇది కుచ్చు వల్ల కాదమ్మా. మెడ తిరిగిపోతోంది. ఈ రకం వాటికి నెత్తి ఎముక మెత్తన, ఎక్కడో దెబ్బ తగిలుంటుంది. విడిగా పెట్టి, నీళ్లు ముక్కు దగ్గరికి పట్టాలి. బతకొచ్చు."

 తలూపి దాన్ని అందుకున్నాను.

"రోగముందన్నారు, విన్నారా!" ఓనరు జనం వైపు చేతులు చాచాడు.

"ఉంది" అంది డాక్టరమ్మ. "తడి ఊక నుంచి ఇక్కడే వచ్చింది. మెడ బోడి వల్లా, కాళ్ల ఈకల వల్లా కాదు. ఈ దడిలోవి మీరు రోగమన్న పిల్లలేగా? బాగానే ఉన్నాయి. మీకు తిరిగొచ్చిన పెట్టెలు చూపిస్తే వాటి సంగతి కూడా చెబుతాను."

"గొయ్యి తవ్వాలి మరి చూపించాలంటే" అంది అత్త.

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ లేచింది. "నీళ్లలో కలిపే మందు ఇవాళే పడాలి. లేకపోతే రేపటికి దడిలోవాటికీ పాకుతుంది. నా దగ్గర అయిపోయింది. హేచరీ స్టోర్‌లో ఉండాలే?"

"నా స్టోర్‌లోంచి చిటికెడు కూడా బయటికి రాదు" అన్నాడు ఓనరు.

వాన సన్నగా పడుతోంది. మా ఆయన గేటు లోపలికి వెళ్లడం చూశాను. ఎప్పటిలాగే వెళ్లిపోయాడనుకుని కుచ్చు పిల్ల మెడ సవరించుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి తలెత్తేసరికి ఆయన రోడ్డు దాటి వస్తున్నాడు. చేతిలో మందు ప్యాకెట్టు. వస్తూ వస్తూ స్టోర్ తాళాలు ఓనరు చేతిలో పెట్టాడు.

"ఖరీదు నా జీతంలో కోసుకోండి."

ప్యాకెట్టు వాళ్లమ్మకిచ్చాడు. "ఇది కలిపిన నీళ్లే పెట్టమ్మా. వేరే నీళ్లు పెట్టొద్దు." తర్వాత స్కూటరమ్మ వైపు తిరిగాడు. గొంతు పెద్దదేం కాదు, అయినా అందరికీ వినపడింది. "గుడ్లు మావి కావండీ. ఎండలకి మా కోళ్లు గుడ్లు మానేస్తే బయట కొన్నాం. పెట్టెల మీద పాత పేరు అంటించింది నేనే."

ఆ మాట చెప్పి ఎక్కడ నిలబడాలో తెలియనట్టు వానలోనే నిలబడ్డాడు.

"జరగవే" అంది అత్త నాతో. "వాడికి చోటియ్యి."

జరిగాను. ఆయన చాప మీద కూర్చున్నాడు. తడిసిన భుజం నా భుజానికి తగిలింది. జరగడానికి ఇంకా చోటుంది, కానీ జరగలేదు.

రైతులు ఊరుకోలేదు. రోజూ గుంపుగా వచ్చి గేటు ముందు నిలబడేవారు. చివరికి ఓనరు రోడ్డు దాటి మా టెంటు దగ్గరికి వచ్చి, టార్పాలిన్ చిరుగు వైపు చూస్తూ "పిల్లలకి రోగం లేదు. ఎవరూ మోసుకురాలేదు" అన్నాడు. "వినపళ్లేదు" అంది అత్త. మళ్లీ అన్నాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టి చాప చుట్టేశారు.

"రేపట్నుంచి రా పెద్దమ్మా" అన్నాడు. "కోళ్లు మాత్రం ఉండకూడదు. రూలు రూలే."

"బల్ల దగ్గర అందరిళ్లలోనూ ఉన్నాయి. అందరివీ తీసేయిస్తావా?"

"నేను నీ సంగతి మాట్లాడుతున్నాను."

"అయితే నా సంగతి నేను చెబుతా విను. రాను."

ఆయన నా వైపు చూశాడు. "నువ్వు రావచ్చు. నీ పని మీద నాకు ఫిర్యాదు లేదు" అన్నాడు ఓనరు.

"మీ మీద నాకుంది" అన్నాను.

మా ఆయన్ని ఎలాగూ రమ్మనలేదు. ముగ్గురం గంపలెత్తుకుని ఇంటికొచ్చాం.

ఆ తర్వాత ఇల్లు గడవడం తేలికేం కాలేదు. మా ఆయనకి వేరే హేచరీల్లో పని దొరకలేదు. గుట్టు బయటపెట్టే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? అద్దె ఆటోలో దాణా బస్తాలు తోలుతున్నాడు. ఎర్రగుడ్డ గంపలోవాటిలో సగం బతికాయి. కుచ్చుది బతికింది, కాకపోతే ఇప్పటికీ లోకాన్ని ఓరగానే చూస్తుంది. అత్తా నేనూ మళ్లీ ఉప్పూ నిప్పే.

వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో ఒక పొద్దున మా వీధిలోకి మైకు కట్టిన వ్యాను వచ్చింది. హేచరీ వ్యానే. "బోడిమెడ పిల్లలమ్మా, బోడిమెడ పిల్లలు! ఎండకి తట్టుకునే పిల్లలు! కాళ్లకు ఈకలుంటే భయపడకండి, రోగం కాదు, జాతి!"

"మన మాటకి మైకు కట్టించాడే!" అత్తకి నవ్వాగలేదు.

నాకూ నవ్వొచ్చింది. వీధిలో ఆడవాళ్లు వ్యాను చుట్టూ చేరారు. ఒకావిడ పెట్టెలోంచి ఒక పిల్లని తీసి "ఇది తూగుతోందేం?" అని అడిగింది.

"అది జాతేనమ్మా, అలాగే ఉంటుంది" అన్నాడు డ్రైవరు.

నా నవ్వు ఆగిపోయింది. వెళ్లి ఆవిడ చేతిలోంచి పిల్లని తీసుకున్నాను. రెక్కలు జారిపోయాయి. వెనక రెట్ట అంటుకుని గడ్డకట్టింది. పెట్టెలో ఇంకో రెండు అలాగే ఉన్నాయి.

"ఇది జాతి కాదు, రోగం" అన్నాను.

"అక్కా, మా పొట్ట కొట్టకు. నాకు చెప్పమన్నంతే చెబుతున్నా."

"మిగతా సగం నేను చెబుతా. మైకు ఇటివ్వు."

అతను ఇవ్వలేదు. వ్యాను ఎక్కి స్టార్ట్ చేశాడు. నేను వెళ్లి వ్యాను ముందు నిలబడ్డాను. హారన్ కొట్టాడు. కదల్లేదు. ఇంకోసారి కొట్టేసరికి అత్త మెట్లు దిగి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

"కొట్టు నాయనా, హారన్ బాగుంది" అంది.

చివరికి కిటికీలోంచి మైకు బయటికొచ్చింది. అందుకున్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడి మొదట ఆగిపోయాను.

"మెడ బోడిగా ఉంటే జాతి. కాళ్లకి ఈకలుంటే జాతి. తూగుతూ ఉంటే రోగం. రెక్కలు వేలాడితే రోగం. రెట్టలో నెత్తురుంటే రోగం. చేతిలోకి తీసుకుని, చూసి కొనుక్కోండి."

"ఇంకోసారి చెప్పు" అంది అత్త. "ఆ చివరింటిదాకా వెళ్లలేదు."

ఇంకోసారి చెప్పాను.